పదిహేడో నంబరు ఎవరిది

తెనాలి, 1997 ఆగస్టు. ఆదివారం ఆరాధన ముగిసింది. నేలటూరి జార్జి కంప్యూటర్ సెంటర్లో షట్టరు సగానికి దించి ఉంది. లోపల ముగ్గురే ఉన్నారు: జార్జి, రేపల్లెలో పుట్టింట ఉంటున్న అతని భార్య రిబ్కా, వాళ్ళిద్దరికీ పెళ్ళి కుదిర్చిన సంఘపెద్ద సుందరయ్య మాస్టారు. కలిపిన చేతులతోనే విడదీయాల్సి వచ్చిందే అని మాస్టారు లోలోపల నొచ్చుకుంటున్నారు.

"నన్ను రేపల్లె నుంచి పిలిపించింది సంతకం పెట్టమనడానికా, పెట్టొద్దనడానికా? ముందు అది చెప్పండి మాస్టారూ."

"వచ్చీ రాగానే అదేం మాటమ్మా రిబ్కా. కూర్చో. పాపని ఎవరి దగ్గర వదిలొచ్చావు?"

"మా అమ్మ దగ్గర. తండ్రి మొహం చూడనన్న బిడ్డని రైల్లో తిప్పడం దేనికని."

"చూశారా మాస్టారూ? కూర్చోకముందే మొదలుపెట్టింది."

"నువ్వు కాసేపు నోరు మూసుకో జార్జీ. ఆ ఫ్యాను ఇటు తిప్పు, అమ్మాయికి చెమటలు పడుతున్నాయి."

"ఫ్యాను ఆడదండి. కరెంటు పోయింది. యూపీఎస్ మీద ఈ ఒక్క కంప్యూటరే నడుస్తోంది. అదీ ఎంతోసేపు నడవదు."

"కంప్యూటరు నడుస్తోందిగా. నాకది చాలు."

"నీకు కంప్యూటరుతో పనేంటి? అదుగో కాయితం, అదుగో పెన్ను. సంతకం పెట్టి సాయంత్రం ప్యాసింజరు ఎక్కు."

"చదివి వినిపించండి మాస్టారూ. ఈయన చేతిరాత నాకు అర్థమై చావదు."

"ఏముందమ్మా. వచ్చే ఆదివారం పాప బాప్తిస్మం. చర్చి పుస్తకంలో తండ్రి పేరు రాసే చోటు ఖాళీగా ఉంచడానికి తల్లిగా నాకు అభ్యంతరం లేదు, నేలటూరి అనే ఇంటిపేరు ఈ బిడ్డకి పెట్టను అని రాశాడు. అంతే."

"అంతేనా. ఇంకా రాయాల్సింది మాస్టారూ. ఈ బిడ్డ ఆకాశం నుంచి ఊడిపడింది అని."

"ఆకాశం నుంచో చెరుకుపల్లి నుంచో. ఆ ఊరి యోబుగాడు వారానికోసారి మన ఇంటికి ఎందుకొచ్చేవాడో నువ్వే చెప్పు."

"ప్రింటరు బాగుచెయ్యడానికి. కబురు పెట్టేది మీరే. రిబ్బను మార్చడం కూడా చేతకాక."

"ఏయ్."

"జార్జీ, కూర్చో. చెయ్యెత్తావంటే నేను లేచి వెళ్ళిపోతా. ఇద్దరూ వినండి. అమ్మా రిబ్కా, నేను ఇతన్ని వెనకేసుకొస్తున్నానని నీకు కోపం. ఎందుకు వెనకేసుకొస్తున్నానో నీకు తెలుసు. బాపట్లలో మా కమలమ్మ ఆపరేషన్ బల్ల మీదుంటే, అర్జంటుగా రక్తం కావాలంటే, సంఘంలో అంతమంది కుర్రాళ్ళుండి ఒక్కడూ కదల్లేదు. ఇతనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నాదీ అదే గ్రూపు మాస్టారూ, నేనిస్తానన్నాడు. ఆవిడ బతకలేదు. అది ప్రభువు చిత్తం. కానీ ఆ చెయ్యి నేను మర్చిపోలేను."

"అవునండి. పరాయి ఇల్లాలికి రక్తం ఇచ్చారు. సొంత ఇల్లాలికి ఒక్క మాట ఇవ్వలేకపోయారు."

"మాస్టారి భార్యతో నిన్ను పోల్చుకోకు."

"పోల్చుకోవట్లేదు. ఆవిడ నన్ను నమ్మింది. చర్చిలో రక్తం గ్రూపుల క్యాంపు అయిన వారానికి, ఒంట్లో బాగోకపోయినా రేపల్లె వచ్చి పాపని ఎత్తుకుంది. చెవులు చూడవే, అచ్చం జార్జి చెవులే అంది."

"చెవులతో తేలే సంగతి కాదిది. రక్తంతో తేలింది. మాస్టారూ, మీరు లెక్కల టీచరు, మీరే వెయ్యండి లెక్క. నాది బి. ఈవిడది ఓ. మాకు పుడితే బి పుట్టాలి, లేదా ఓ పుట్టాలి. పాప కార్డు మీద ఏముంది?"

"ఎ అని ఉంది."

"ఇంకేం కావాలి?"

"గుంటూరులో మళ్ళీ చేయించాను. బి వచ్చింది. ఆ సంగతి మాస్టారికి చెప్పారా?"

"గుంటూరులో చేత్తో రాస్తారు. అడిగింది రాసిస్తారు. ఇక్కడ రాసింది కంప్యూటరు. దానికి నీమీద జాలీ లేదు, నామీద కోపం లేదు."

"పోనీ మూడోచోటికి వెళ్ళొచ్చుగా జార్జీ? పొన్నూరులో కూడా చేస్తున్నారట."

"నేనూ అదే అన్నాను మాస్టారూ. మీరు కూడా వచ్చి కళ్ళారా చూడండి అన్నాను. వాళ్ళ మేనత్తతో కబురు పంపారు, ఊరూరా పిల్లకి సూదులు పొడిపించి పరువు తీసుకోవాల్సిన ఖర్మ నాకు లేదని."

"ఇప్పుడూ అదే అంటాను. నా ప్రోగ్రాం చెప్పింది. అయిపోయింది."

"సరే. అయితే సూది వద్దు. మీ ప్రోగ్రామునే అడుగుదాం. అది ఒప్పుకుంటే ఆ కాయితం మీద ఇప్పుడే సంతకం పెడతాను. మాస్టారూ, మీరే సాక్షి."

"నాకు ఆ డబ్బా సంగతి ఏం తెలుసమ్మా?"

"మీకు తెలిసేట్టే అడుగుతాను. జార్జి గారూ, మార్చిలో మన చర్చి ఆవరణలో రక్తం గ్రూపుల క్యాంపు పెట్టారు. ఆ రోజు నడిచిన ప్రోగ్రాము, ఇప్పుడు ఇందులో ఉన్న ప్రోగ్రాము ఒకటేనా?"

"ఒకటే."

"మధ్యలో ఎవరైనా వేలు పెట్టారా?"

"ఎవరు పెడతారు? పాస్‌వర్డ్ నాది. తాళం నాది. నువ్వు పురిటికి వెళ్ళాక ఈ కుర్చీలో నేను తప్ప ఎవడూ కూర్చోలేదు."

"ఒక్క అక్షరం కూడా మారలేదా?"

"ఒక్క అక్షరం మారలేదు. చాలా?"

"విన్నారుగా మాస్టారూ?"

"విన్నానమ్మా."

"ఇక చెప్తాను. క్యాంపుకి మూడు లైన్లు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. ప్రతివాళ్ళకీ నంబరు ఇవ్వాలి, పేరు రాయాలి, ఫలితం వచ్చాక కార్డు కొట్టాలి. మూడు లైన్లకీ చేసే పని ఒకటే. మూడుసార్లు రాయడం దేనికని నేను ఒక్క అచ్చు రాశాను. సి ప్లస్ ప్లస్ అని ప్రోగ్రాములు రాసే భాషలో దాన్ని టెంప్లేట్ అంటారు. ఇటుకలు పోసే అచ్చు చూశారుగా? అలాంటిదే. మనం అచ్చు ఒకటే రాస్తాం. కంపైలర్ అని ఒకటుంటుంది, మనం రాసింది మిషనుకి అర్థమయ్యేట్టు మార్చేది. అది మగవాళ్ళకి ఒక కాపీ, ఆడవాళ్ళకి ఒక కాపీ, పిల్లలకి ఒక కాపీ తనే పోసిస్తుంది."

"బాగుంది. ఒక్క అచ్చు, మూడు ఇటుకలు."

"అచ్చు రాసింది ఈవిడేనండి. అది కూడా గుర్తుపెట్టుకోండి."

"నేను చెప్తూనే ఉన్నానుగా. కంగారెందుకు?"

"కంగారేం లేదు. యూపీఎస్ కూస్తోంది. ఆరిపోతే నన్ననొద్దు."

"ఆరిపోయేలోగా చెప్పేస్తాను. ఇప్పుడు నంబరు సంగతి. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడానికి ఒక పేరు పెట్టుకుంటాం. ఆ పేరు ఎక్కడ పుట్టిందో అక్కడిదాకే దాని చెల్లుబాటు. ఇప్పుడు మీ ఇంట్లో రాజారత్నం అని కేకేస్తే ఎవరు పలుకుతారు?"

"మా తమ్ముడు."

"చర్చిలో కేకేస్తే?"

"ముగ్గురు తలలెత్తుతారు. అందుకేగా ఇంటిపేరు పెట్టి పిలిచేది."

"ఇక్కడా అంతే. లెక్కపెట్టే పేరు అచ్చు బయట, ఫైలు మొదట్లో రాస్తే మూడు లైన్లకీ అదొక్కటే లెక్క. మగవాళ్ళు ఎక్కడ ఆపితే ఆడవాళ్ళు అక్కడి నుంచి మొదలవుతారు. అదే పేరు అచ్చు లోపల రాస్తే ఎవరి కాపీలో వాళ్ళకి విడిగా ఒక లెక్క పుడుతుంది. చూడ్డానికి పేరు ఒకటే, లెక్కలు మూడు."

"అర్థమైంది. ఆరాధనలో మన మోషే మగవాళ్ళ వైపు తలలు లెక్కపెడతాడు, జ్ఞానమ్మ ఆడవాళ్ళ వైపు లెక్కపెడుతుంది. ఎవరి లెక్క వాళ్ళు ఒకటి నుంచే. పదిహేడోవాడు ఇటూ ఉంటాడు, పదిహేడో ఆవిడ అటూ ఉంటుంది."

"అదేనండి. అంతకంటే బాగా నేను కూడా చెప్పలేను."

"ఉపన్యాసం అయిందా? రండి మాస్టారూ, ఇటు రండి. మీరే చూడండి. ఇదిగో, ఇదీ లెక్కపెట్టే పేరు. అచ్చు ఎక్కడ మొదలైంది? ఇక్కడ. పేరు ఎక్కడుంది? దానికంటే పైన. బయట. ఫైలు మొదట్లో. మూడు లైన్లకీ ఒకటే లెక్క. ఒకే నంబరు ఇద్దరికి వచ్చే ప్రశ్నే లేదు."

"అవునమ్మా రిబ్కా. పైనే ఉంది."

"పైనే ఉందండి. నేనూ చూస్తున్నాను."

"మరి ప్రోగ్రాము తప్పు లేనట్టేగా?"

"లేనట్టే. సంతకం పెట్టు."

"పెడతాను. ఒక్క చిన్న లెక్క మాస్టారూ. మీ కార్డు జేబులో ఉందా?"

"ఎప్పుడూ ఉంటుంది. పర్సులోనే. ఇదిగో, ఇరవై రెండు. నేను పొద్దున్నే వెళ్ళాను."

"మగవాళ్ళు ఆ పూట ఎంతమంది వచ్చారు?"

"ఆఖరున మోషే వచ్చాడు. అరవై దాటాక వచ్చానని తిట్టుకున్నాడు, ఆలస్యమైనందుకు."

"ఆడవాళ్ళూ పిల్లలూ?"

"వాళ్ళు భోజనాలయ్యాక. పొద్దున మగవాళ్ళు, మధ్యాహ్నం ఆడవాళ్ళూ పిల్లలూనూ. నేనే దగ్గరుండి నిలబెట్టాను."

"ఇది మా పాప కార్డు, ఆ మధ్యాహ్నం నేను రేపల్లె నుంచి ఎత్తుకొచ్చి చేయించింది. నంబరు చదవండి."

"పదిహేడు."

"పొద్దున అరవై దాటిపోయిన లెక్క, మధ్యాహ్నం పదిహేడు ఎలా అయింది మాస్టారూ?"

"పదిహేడు నాకంటే ముందే ఎవరికో వెళ్ళిపోయిందే."

"ఒక్కటే లెక్క అయితే మా పాపకి అరవైకి పైన రావాలి. రాలేదు. అంటే క్యాంపు రోజు ఆ పేరు అచ్చు లోపలే ఉంది. ఇదిగో నా ఫ్లాపీ, పురిటికి వెళ్ళేముందు తీసుకెళ్ళిన కాపీ. ఇందులోనూ లోపలే ఉంది. ఇప్పుడు చూస్తే బయటుంది. ఒక్క అక్షరం మారలేదన్నారు. తాళం నాది, పాస్‌వర్డ్ నాది, ఎవడూ కూర్చోలేదన్నారు. మరి ఆ పేరు లోపలి నుంచి బయటికి తనంతట తను నడిచొచ్చిందా?"

"జార్జీ, అమ్మాయి అడుగుతోంది."

"వినిపించింది."

"చెప్పు మరి."

"సరే. మార్చాను. తప్పు కనబడింది, దిద్దాను. తప్పు దిద్దుకోవడం నేరమా?"

"ఇంతసేపూ మారలేదన్నావే?"

"ఎందుకన్నానంటే, తప్పు ఎవరు రాశారు మాస్టారూ? అది అడగండి. ఆ అచ్చు ఈవిడ రాసింది. ఆ పేరు లోపల పెట్టింది ఈవిడ. అది బయటపడితే నలుగురూ ఎవర్ని ఉమ్మేస్తారు? నేను నోరు మూసుకుని దిద్దాను. ఈవిడ పరువు కాపాడాను."

"నా పరువు కాపాడారా?"

"కాపాడాను."

"నిండు నెలల్లో కూర్చుని రాశాను, చూసుకోలేదు. అది నా తప్పే. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పమంటే చెప్తాను. కానీ మీరు దిద్దింది ప్రోగ్రామునే. మా పాప కార్డుని దిద్దలేదు."

"అవును జార్జీ. నాకిప్పుడు గుర్తొస్తోంది. ఈస్టరు అయ్యాక ఇంటింటికీ తిరిగి కొత్త కార్డులిచ్చావు, ప్లాస్టిక్ కవరు వేయించి మరీ. పాతవి వెనక్కి తీసుకున్నావు. ఎంత శ్రద్ధో ఈ కుర్రాడికి అనుకున్నాను. నాకూ ఇవ్వవయ్యా అంటే, మగవాళ్ళకి అక్కర్లేదు మాస్టారూ, ఆడవాళ్ళకీ పిల్లలకీ చాలన్నావు."

"ఎందుకు చాలన్నారో నేను చెప్తానండి. మగవాళ్ళ కార్డులు పొద్దున్నే కొట్టేశారు, వాటికి ఢోకా లేదు. మధ్యాహ్నం ఆడవాళ్ళ సీసాలూ పిల్లల సీసాలూ ఒకేసారి ల్యాబుకి వెళ్ళాయి. సీసా మీద నంబరు తప్ప పేరు లేదు. ఫలితం ఎక్కించేటప్పుడు ఒకే నంబరు ఇద్దరికి ఉంటే, ఇటుది అటూ అటుది ఇటూ పడింది. ఆ సంగతి తెలుసు గనకే ఆ రెండు లైన్లకీ కార్డులు మార్చారు. నా కూతురికి తప్ప."

"మర్చిపోయాను."

"మర్చిపోయారా? ఆ కార్డు చూపించి నన్ను మెట్లు దింపారు. ఆ కార్డు చూపించి మా నాన్న మొహాన మాటలన్నారు. రేపల్లెలో రైలు దిగితే రిక్షావాడు కూడా పాప ఎవరి పోలికమ్మా అని అడుగుతున్నాడు. అది మర్చిపోయారా?"

"నువ్వు నెమ్మదించు తల్లీ. జార్జీ, ఎప్పుడు దిద్దావు నువ్వు?"

"గుర్తులేదండి. ఏదో ఒక రోజు."

"నేను చూస్తాను. మీరు జరగండి."

"కీబోర్డు ముట్టుకోకు."

"ముట్టుకుంటాను. ఈ మిషను మీద అచ్చులు నేర్పింది మీకు నేనే. ఫైలు పక్కన తేదీ ఉంటుంది మాస్టారూ, చివరిసారి ఎప్పుడు మార్చారో. ఇదిగో. మార్చి ఇరవై రెండు. సాయంత్రం."

"మార్చి ఇరవై రెండా?"

"అవునండి. శనివారం."

"మళ్ళీ చూడమ్మా."

"ఇరవై రెండేనండి. ఏం మాస్టారూ?"

"మర్నాడు మట్టల ఆదివారం."

"యూపీఎస్ ఆగిపోతోంది. కట్టేద్దాం, డిస్కు పాడవుతుంది."

"ఉండనీ జార్జీ. ఆ శనివారం తెల్లారగట్ల కదా బాపట్లలో మా కమలమ్మ పోయింది. పొద్దుటి దాకా నువ్వు నా పక్కనే ఉన్నావు. తర్వాత తెనాలి వెళ్ళొస్తానన్నావు. శవపెట్టె మంచిది చేయించాలి, బాపట్ల వడ్రంగి మీద నమ్మకం లేదు, నేనే దగ్గరుంటానన్నావు."

"చేయించానుగా."

"చేయించావు. మంచి పెట్టే. ఆ మధ్యలో ఇక్కడికొచ్చి ఈ కుర్చీలో కూర్చుని ఇది దిద్దావా?"

"ఏదో మనసు బాగోక వచ్చి కూర్చున్నాను."

"మనసు బాగోకపోతే ప్రోగ్రాము దిద్దుతారా?"

"అడ్డం రాకు రిబ్కా."

"వస్తాను. నాకు ఇంకొకటి కావాలి. ఆడవాళ్ళ లైనులో పదిహేడో నంబరు ఎవరిది?"

"ఏమో."

"కార్డులు మార్చినవాళ్ళు మీరు. మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆవిడ రక్తం ఎ. అది మా పాప కార్డు మీదకొచ్చింది. మా పాప రక్తం బి. అది ఆవిడ కార్డు మీద ఉంది. ఆవిడకైనా కొత్త కార్డు ఇచ్చారా, ఆవిడనీ మర్చిపోయారా?"

"ఆవిడకి అవసరం లేదు."

"అవసరం లేకపోవడమేంటి? రేపు ఏ ప్రమాదమో జరిగి, ఆ కార్డు చూసి ఎవరన్నా బి రక్తం ఎక్కిస్తే మనిషి పోతుంది."

"ఎక్కించరు."

"మీకెలా తెలుసు ఎక్కించరని?"

"ఎక్కించరు అన్నాను. వదిలెయ్. పాప కార్డు మారుస్తాను, ఇప్పుడే మారుస్తాను. ఆ పేరు మాత్రం అడక్కు."

"రిబ్కా."

"ఏంటి మాస్టారూ? ముందు కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు. తప్పు రక్తం ఎక్కిస్తే మనిషికి ఏమవుతుందమ్మా?"

"గుంటూరులో డాక్టరమ్మ చెప్పింది. ముందు చలి పుడుతుందట. ఒళ్ళంతా వణుకు. నడుం విరిగిపోతున్నట్టు నొప్పి. మూత్రం నల్లగా..."

"దుప్పటి కప్పమంది. ఉన్నవన్నీ కప్పాను. ఇంకా కప్పమంది. కోత పొట్ట మీదయితే నొప్పి నడుంలో అంటుందేంటని నర్సుని అడిగాను. ఆపరేషన్ అయ్యాక అట్లాగే ఉంటుందంది. సంచిలో మూత్రం నల్లగా ఉంటే మందుల రంగేమో అనుకున్నాను."

"మాస్టారూ, అమ్మగారు ఆ రోజు క్యాంపులో..."

"ఆడవాళ్ళ లైనులో నేనే చెయ్యి పట్టుకుని నిలబెట్టాను. నంబరు నాకు గుర్తులేదమ్మా. డాక్టరు మాత్రం గ్రూపు చూద్దామన్నాడు. ఇప్పుడు టైము లేదండీ, కార్డుంది, కంప్యూటరు కార్డండీ అని నేనే జేబులోంచి తీసిచ్చాను. కార్డు మీద బి అని ఉంది. నేనే ఇచ్చాను."

"కాదు మాస్టారూ. మీరేం చేశారు? ఆ నంబరు పుట్టింది నా అచ్చులో. నా చేతుల్లో."

"చూశావా? ఇందుకే అడక్కన్నాను. ఇప్పుడు సంతోషమా? మాస్టారూ, నాకు ముందు తెలియదు, నా మీద ఒట్టు. తెల్లారి డాక్టరు కార్డు వంక అదోలా చూశాడు. అనుమానం వచ్చింది. వచ్చి చూస్తే మధ్యాహ్నం లైన్లలో పదిహేడు రెండున్నాయి. అప్పటికే అయిపోయింది. ఏం చెయ్యమంటారు? చెప్తే ఆవిడ తిరిగొస్తుందా? సెంటరు మూతపడుతుంది, ల్యాబు మూతపడుతుంది, ఈ రిబ్కానే ముందు పట్టుకుంటారు పోలీసులు. పాప కార్డు దిద్దితే ఈవిడ ఎలా మారిందని అడుగుతుంది. ప్రోగ్రాము తెలిసిన మనిషి. రెండో పదిహేడు ఎవరని తవ్వుతుంది. అందుకని..."

"అందుకని నా కూతుర్ని తండ్రిలేనిదాన్ని చేశారు."

"నాకు వేరే దారి కనబడలేదు."

"సమాధయిన వారానికి మా ఇంటికొచ్చి, అమ్మగారి కార్డు ఇవ్వండి మాస్టారూ అన్నావు. గుర్తుగా దాచుకుంటావేమో అనుకుని ఇచ్చాను. చనిపోయిన మనిషి కార్డు నీకెందుకని నాకు తోచనేలేదు."

"మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు వద్దు. కమలమ్మ ఒంట్లోకి వెళ్ళింది నీ రక్తం. అది ప్రాణం తీసిన రక్తమని తెలియక, ఐదు నెలలుగా ప్రతి ఆదివారం మోకరించి, నా భార్య కోసం రక్తం ధారపోసిన ఈ బిడ్డని దీవించు ప్రభువా అని ప్రార్థన చేస్తున్నాను. ఇవాళ పొద్దున కూడా చేశాను. నువ్వు నా పక్కనే మోకరించి ఆమెన్ అన్నావు జార్జీ. అందరికంటే గట్టిగా."

"తప్పయిపోయింది. వచ్చే ఆదివారం సంఘం అందరి ముందూ నిలబడతాను. పాప నా బిడ్డే అని చెప్తాను. నా పేరు రాయించండి, నా ఇంటిపేరు పెట్టండి. ఆ కాయితం చింపేస్తాను. రిబ్కా, నువ్వు అడిగింది అదేగా? రాయిస్తాను. ఒక్కసారి నువ్వన్నా చెప్పు మాస్టారికి."

"చింపకండి. ఇలా ఇవ్వండి."

"ఎందుకమ్మా రిబ్కా?"

"పెన్ను ఇవ్వండి మాస్టారూ. సంతకం పెడతాను."